తెల్లారుజామున శీలావతి చేప తేలుతోంది, సున్నం చల్లమంటున్నారు. చల్లాలా వద్దా?

కైకలూరు_కుర్రోడు
ఐదెకరాల చెరువు, ఐదడుగుల నీళ్ళు. జీరో సైజు (ముందే కొంత పెంచిన) చేప పిల్ల 13,000 వేశాం. అందులో శీలావతి (రోహు) 11,500, బొచ్చె (కట్ల) 1,500. ఇప్పుడు చేప 800 గ్రాములు ఉంటుందని అంచనా. మేత రోజుకి డీఓబీ (నూనె తీసిన తవుడు) 350 కిలోలు, వేరుశనగ చెక్క 30 కిలోలు. 30 కన్నాల సంచుల్లో పోసి చెరువులో పాతిన కర్రలకి కడుతున్నాం, సాయంత్రానికి ఖాళీ అవుతున్నాయి.

నాలుగు రోజులుగా తెల్లారుజామున నాలుగింటికల్లా చేప మొత్తం పైకొచ్చి నోళ్ళు తెరుస్తోంది. ఎండ పొడిచాక ఎనిమిదింటికి దిగిపోతోంది. నిన్న ఆరు బొచ్చెలు పోయాయి, అన్నీ పెద్దవే. నీళ్ళు చిక్కటి ఆకుపచ్చ. మధ్యలో రెండు రోజులు మబ్బు పట్టింది. మధ్యాహ్నం పీహెచ్ 9.2, కిట్‌లో అమ్మోనియా 1 పీపీఎమ్ (లీటరుకి ఒక మిల్లీగ్రాము). సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపితే ఆక్సిజన్ 6.2 పీపీఎమ్ వచ్చింది, బాగానే ఉందన్నారు.

ఇప్పటిదాకా వేసినవి: జియోలైట్ (అమ్మోనియా పట్టే పొడి) 100 కిలోలు, ఆక్సిజన్ బిళ్ళలు 3 కిలోలు, ప్రోబయోటిక్ (మేలుచేసే సూక్ష్మజీవులు) రెండు డబ్బాలు. 2 హెచ్‌పీ ఏరేటర్లు (నీళ్ళు చిలికి గాలి కలిపే యంత్రాలు) రెండున్నాయి, సాయంత్రం ఆరు నుంచి తిప్పుతున్నాం. షాపాయన ఇప్పుడు 200 కిలోల కాల్చిన సున్నం చల్లమంటున్నాడు. బస్తాలు గట్టు మీద దించేశారు కూడా. రేపు పొద్దున చల్లేయమంటారా?

బొచ్చె_బాబాయ్
వద్దు. ముందు ఆ బస్తాల మీద టార్పాలిన్ కప్పు, తర్వాత మాట్లాడుకుందాం.

నీటిపరీక్ష
బాబాయ్ చెప్పిందే. ఎందుకంటే, కిట్‌లో కనిపించే 1 పీపీఎమ్ అంటే విషమైనదీ కానిదీ కలిపిన మొత్తం అమ్మోనియా. అందులో చేపకి విషమయ్యే భాగం ఎంతనేది పీహెచ్, వేడి తేలుస్తాయి. నీళ్ళు 30 డిగ్రీలున్నప్పుడు పీహెచ్ 7 దగ్గర ఆ భాగం ఒక శాతం కూడా ఉండదు. 8 దగ్గర ఏడెనిమిది శాతం. 9.2 దగ్గర సగం పైనే. అంటే మీ చేప మధ్యాహ్నం అర పీపీఎమ్ పైన విషంలో ఈదుతోంది. కాల్చిన సున్నం పీహెచ్‌ని ఇంకా పైకి తోస్తుంది. పొద్దున్నే చల్లితే అప్పుడే ఊపిరందక తేలిన చేప మీద పోసినట్టు.

ఇక ఆ 6.2 సంగతి. సీసా ఎన్నింటికి పట్టారు? ఎలా పంపారు?

కైకలూరు_కుర్రోడు
పదకొండింటికి, నీళ్ళ బాటిల్‌లో సగం దాకా పట్టాం. బండి మీద తీసుకెళ్ళాం, నలభై నిమిషాలు.

నీటిపరీక్ష
అది మీ చెరువు ఆక్సిజన్ కాదు, మన రోడ్ల గుంతల ఆక్సిజన్. సగం నిండిన బాటిల్ నలభై నిమిషాలు కుదిపితే గాలి కలుస్తుంది, నీళ్ళకి పచ్చ రంగిచ్చే నాచు లోపల ఇంకో పక్క దాని పని అది చేస్తుంది.

ఆక్సిజన్‌ని సీసాలో మోసుకెళ్ళి చూడటం కుదరదు. గట్టు మీదే మీటరు ముంచాలి. లేదా గాజు మూత ఉన్న సీసాని నీళ్ళలోనే ముంచి బుడగ లేకుండా నింపి, అక్కడికక్కడే మాంగనీస్ సల్ఫేటు, క్షార అయోడైడు చుక్కలు వేసి మూత పెట్టాలి. అడుగున గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ దొరికిపోయినట్టు, ఆ తర్వాత ల్యాబ్‌కి తీసుకెళ్ళొచ్చు. మడ్డి తెల్లగా ఉందంటే అసలు ఆక్సిజనే లేదు.

అదీగాక పగలు ఎండకి ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రి దాన్ని పీలుస్తుంది, కాబట్టి పదకొండు గంటలకి చూస్తే ఏ పచ్చ చెరువైనా బాగానే ఉంటుంది. చూడాల్సింది తెల్లారుజామున ఐదింటికి.

గోదారి_గట్టు
ఆక్సిజన్ బిళ్ళలు ఎకరానికి అరకిలో పైనే వేశారు కదా, డబ్బా మీద రాసిందీ అంతే. మరి ఎందుకు పనిచేయలేదు? మా దగ్గర వేసిన అరగంటకి చేప దిగింది.

నీటిపరీక్ష
ఎన్నింటికి వేశారు? ఏడున్నరకేగా. ఎనిమిదింటికి చేప బిళ్ళ లేకపోయినా దిగుతుంది.

లెక్క వేసుకోండి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. ఐదెకరాలు, మీటరున్నర లోతు: దాదాపు 30,000 ఘనపు మీటర్ల నీళ్ళు. ఒక్క పీపీఎమ్ ఆక్సిజన్ పెంచాలన్నా 30 కిలోల ఆక్సిజన్ కావాలి. ఆ బిళ్ళల్లో ఉండేది సోడియం పెర్‌కార్బొనేట్, అందులోంచి వచ్చే ఆక్సిజన్ బరువులో 13 శాతం. మూడు కిలోలకి 390 గ్రాములు. చెరువంతా కలిస్తే పీపీఎమ్‌లో వందో వంతు. ఒక్క పీపీఎమ్ పెరగాలంటే 230 కిలోల బిళ్ళలు పోయాలి. చేప గుంపు కట్టిన మూలలో రెండు గుప్పిళ్ళు చల్లితే ఆ పది గజాల్లో కాసేపు ఊరట, అంతే.

బొచ్చె_బాబాయ్
230 కిలోల బిళ్ళలు కొనేకంటే చేపలకి తలా ఒక సిలిండరు కట్టొచ్చు.

డీఓబీ_దాసు
అసలు జబ్బు మేత దగ్గరుంది, ఎవరూ అనట్లేదేంటి. 13,000 చేప, 800 గ్రాములు, అందరూ బతికున్నా 10,400 కిలోలు. 380 కిలోల మేత అంటే మూడున్నర శాతం పైన. ఈ సైజుకి రెండు శాతం చాలు, మబ్బు రోజుల్లో అదీ ఎక్కువే. అది కూడా 800 గ్రాములు నిజమైతేనే. విసురు వలేసి తూచారా, గట్టు మీంచి చూసి చెప్పారా?

'సాయంత్రానికి సంచులు ఖాళీ' అన్నారు. పొద్దున కట్టిన సంచి రెండు మూడు గంటల్లో ఖాళీ అవ్వాలి. సాయంత్రం దాకా ఉందంటే చేప వదిలేసిన తవుడు నాని, కన్నాల్లోంచి జారి కర్ర మొదట్లో బురదైంది. పది గంటలకి ఐదారు సంచులు ఎత్తి చూడండి. అడుగు మూలల్లో ముద్ద కడితే, వేలు పెట్టి వాసన చూస్తే పులుపు కొడితే, మేత ఎక్కువైనట్టే. కర్ర కింద కాలితో తడిమి చూడండి. మెత్తగా, నల్లగా, కుళ్ళిన గుడ్డు కంపు వస్తే అక్కడ ఎన్ని బస్తాలు పాతిపెట్టారో అర్థమవుతుంది.

కైకలూరు_కుర్రోడు
గట్టు మీంచి చూసిన అంచనానే అన్నా. పది గంటలకి ఎత్తి చూశాం, 30లో 19 సంచుల్లో ముద్ద ఉంది. కంపు కూడా ఉంది.

రొయ్యలరాజు
వనామీ రొయ్యల వాళ్ళం ప్రతి మేతకీ చెక్ ట్రే (మేత మిగిలిందో లేదో చూసే పళ్ళెం) ఎత్తి చూస్తాం. మీరు సంచి కట్టి టిఫినుకి పోతారు.

బొచ్చె_బాబాయ్
రొయ్యలకి రాత్రింబవళ్ళు ఏరేటర్లు తిప్పి కరెంటు బిల్లు చూసి ఏడ్చేది కూడా మీరే కదా రాజుగారూ.

నీటిపరీక్ష
దాసుగారి మాటకి నా లెక్క కలుపుతాను. డీఓబీలో మాంసకృత్తులు సుమారు 16 శాతం, అంటే డీఓబీలో నత్రజని రెండున్నర శాతం. 350 కిలోలకి తొమ్మిది కిలోలు. 30 కిలోల చెక్కలో ఇంకో రెండు. రోజుకి 11 కిలోల నత్రజని పోస్తే చేప ఒంట్లోకి వెళ్ళేది మహా అయితే పావు వంతు. మిగతా ఎనిమిది కిలోలు నీళ్ళకీ బురదకీ. ఆ చిక్కటి పచ్చ రంగు దానివల్లే. నాచుకి మీరు రోజూ ఎరువేస్తున్నారు.

జియోలైట్ మంచినీళ్ళలో కిలోకి పది గ్రాములు పట్టుకుందనుకున్నా 100 కిలోలకి ఒక్క కిలో. అంటే మూడు గంటల మేతలోంచి వచ్చినంత. ఉప్పు నీళ్ళలో అదీ ఉండదు, సోడియం అడ్డుపడుతుంది.

కైకలూరు_కుర్రోడు
అయితే మేత ఆపేయాలా? ఆపితే చేప చిక్కిపోదా?

డీఓబీ_దాసు
రెండు రోజులు పూర్తిగా ఆపండి. సంచులు విప్పి, ముద్ద గట్టు బయట పారబోసి, సంచులు ఉతికి ఎండేయండి. చల్లటి రక్తం జీవి, రెండు రోజులకి పెద్దగా బరువు పోదు. పైగా తెల్లారుజామున తేలిన చేప ఆ పూట ఎలాగూ తినదు. తిన్నా అరగడానికే ఇంకాస్త ఆక్సిజన్ లాగుతుంది. మూడో రోజు నుంచి 100 కిలోలతో మొదలెట్టి, సంచి ఎత్తి చూస్తూ పెంచండి. కట్టడం కూడా ఎండెక్కాక, ఎనిమిదిన్నర తొమ్మిదికి. ఆరింటికి వద్దు.

గోదారి_గట్టు
పూర్తిగా ఆపడం నాకు నచ్చలేదు. సగం చేస్తే చాలు. ఆకలికి చేప కర్రలు గీరుకుంటుంది, పొలుసు రాలుతుంది.

డీఓబీ_దాసు
కర్రలు గీరుకునేది ఆకలికి కాదు, పేనుకి. కుర్రోడా, పొలుసు మీద పేలున్నాయా?

కైకలూరు_కుర్రోడు
చచ్చిన బొచ్చెల మీద ఒకటో రెండో ఉన్నాయి. శీలావతి చూడలేదు.

తూముకాడ
పేను మందు ఇప్పుడు ముట్టుకోకండి, ఊపిరందని చేపకి ఆ మందు యమపాశం. కానీ ఈ లోపు చేయాల్సిన పని ఒకటుంది. చేప పేను గుడ్లు చేప మీద పెట్టదు. నీళ్ళలో గట్టిగా ఉన్న వాటి మీద, ముఖ్యంగా మీ మేత కర్రల మీద, వరసగా జిగురు పూసినట్టు పెడుతుంది. కర్ర పైకి తీసి ఎండలో వాలుగా పట్టుకుంటే గసగసాల చారల్లా కనిపిస్తాయి. ఎలాగూ సంచులు విప్పుతున్నారు, రోజుకి పది కర్రల చొప్పున పీకి, గీకి, రెండు రోజులు ఎండలో పడేసి మళ్ళీ పాతండి. ఈ వేడిలో గుడ్డు రెండు వారాల్లో పగులుతుంది కాబట్టి పది రోజులకోసారి కర్రలు మార్చుకుంటూ పోతే మందు లేకుండానే పేను బాగా తగ్గుతుంది. రెండు సెట్ల కర్రలు పెట్టుకుంటే ఇంకా తేలిక.

మౌనపాఠకుడు
మధ్యలో వస్తున్నా. పర్మాంగనేట్ 2 పీపీఎమ్ వేస్తే ఆక్సిజన్ వస్తుందని విన్నా. నిజమేనా?

నీటిపరీక్ష
రాదు. అది కుళ్ళుని కాలుస్తుంది, నాచుని కూడా కాలుస్తుంది. ఈ చెరువుకి 2 పీపీఎమ్ అంటే 60 కిలోలు. ఇంత పచ్చ నీళ్ళలో పది నిమిషాల్లో రంగు గోధుమగా మారిపోయి మందు ఖర్చయిపోతుంది. చచ్చిన నాచు రాత్రికి కుళ్ళి ఉన్న ఆక్సిజన్ కూడా తింటుంది.

గోదారి_గట్టు
మైలుతుత్తం వేస్తే రెండు రోజుల్లో నీళ్ళు తేటపడతాయి. చాలామంది వేస్తారు.

బొచ్చె_బాబాయ్
తేటపడతాయి. ఆ తేటనీళ్ళలో చేపలు కూడా తెల్లగా, పొట్ట పైకి పెట్టి, చక్కగా కనిపిస్తాయి.

నీటిపరీక్ష
బాబాయ్ నవ్వుతూ అన్నా మాట నిజం. పగలు ఆక్సిజన్ ఇచ్చేది ఆ నాచే. దాన్ని ఒక్క దెబ్బకి చంపితే పగటి ఆక్సిజన్ పోతుంది, శవాల కుళ్ళు మిగులుతుంది. మబ్బు పట్టినప్పుడు నీటి రంగు దానంతటదే విరిగితే జరిగేది కూడా ఇదే. పచ్చగా ఉన్న నీళ్ళు ఒక్కసారిగా గోధుమ, బూడిద రంగుకి తిరిగి, మూలల్లో నురగ కడితే ఆ రాత్రి నిద్రపోకూడదు. నాచుని పలచన చేయాలి కానీ చంపకూడదు.

తూముకాడ
పలచన చేయడానికి నా దారి చెప్తా. మీ తూముకి పలకలు రెండు వరసలున్నాయా? గాలి ఏ వైపు తోస్తోందో చూడండి. నాచు తెట్టు ఆ మూలలో చేరుతుంది. తూము ఆ వైపుంటే పై పలక ఒకటి తీయండి, పైనున్న పచ్చ నీళ్ళు వెళ్ళిపోతాయి. అడుగు పలక తీశారంటే వెళ్ళేది అడుగు నీళ్ళు, నాచు అలాగే ఉంటుంది. తూము ఆ వైపు లేకపోతే ఆ మూలలో ఇంజిను ఫుట్‌వాల్వు (నీళ్ళు లాగే పైపు నోరు) అరడుగు లోతులో కట్టి తోడి పోయండి.

అరడుగు నీళ్ళు తీసి అరడుగు కాలువ నీళ్ళు పెట్టండి. పదో వంతు. ఒకేసారి రెండడుగులు మార్చొద్దు. పెట్టే నీళ్ళు కాలువవా, డ్రెయిన్‌వా?

కైకలూరు_కుర్రోడు
కాలువ పారుతోంది, కానీ వంతు రేపు సాయంత్రం. డ్రెయిన్ పక్కనే ఉంది. బోరు కూడా ఉంది.

తూముకాడ
డ్రెయిన్ వద్దు. పై చెరువుల వాళ్ళు పట్టుబడికి (చేపలు పట్టేటప్పుడు) వదిలిన నీళ్ళు అందులోనే వస్తాయి, మీ నీళ్ళకంటే అధ్వానం. బోరు నీళ్ళల్లో ఆక్సిజన్ దాదాపు సున్నా, ఉప్పు ఎంతుందో కూడా చూడాలి. తప్పనిసరైతే పైపు మూడడుగుల ఎత్తు నుంచి కన్నాల రేకు మీద పడేట్టు పెట్టి, చిలికాకే చెరువులోకి వదలాలి. రేపటి వంతు దాకా ఆగండి. మీరు వదిలే నీళ్ళు కూడా కింద కొల్లేటికే కదా చేరేది, అందుకే అరడుగు చాలంటున్నా.

ఏరేటర్_మెకానిక్
నా వంతు. రెండు ఏరేటర్లు ఎక్కడ పెట్టారు? సాయంత్రం ఆరుకి ఎందుకు తిప్పుతున్నారు?

కైకలూరు_కుర్రోడు
ఒకటి తూర్పు మూల, ఒకటి పడమర మూల. చీకటి పడగానే ఆక్సిజన్ తగ్గుతుందని ఆరుకే వేస్తున్నాం. మీటరు అడిగి తెచ్చాం. ఈ సాయంత్రం ఆరింటికి 11.0, తొమ్మిదికి 8.3.

నీటిపరీక్ష
మంచి పని చేశారు. ఈ రెండంకెలతో తెల్లారి ఎంతుంటుందో ఇప్పుడే చెప్పొచ్చు. మూడు గంటల్లో 2.7 పోయింది, గంటకి 0.9. రాత్రంతా ఇంచుమించు అదే వేగంతో పోతుంది. ఆరు నుంచి ఐదింటిదాకా 11 గంటలు, 9.9 పోతుంది. ఐదింటికి మిగిలేది 1.1. మూడింటికే 3 కిందకి దిగుతుంది, నాలుగింటికి 2. మీరు మొదట చెప్పిన నాలుగు గంటలకి సరిగ్గా సరిపోయింది చూడండి. రోజూ ఆరింటికీ తొమ్మిదికీ రెండుసార్లు ముంచితే చాలు, ఆ రాత్రి కాపలా కావాలో వద్దో తెలిసిపోతుంది.

ఏరేటర్_మెకానిక్
అక్కా, ఆ 11 చూశారా. 30 డిగ్రీల నీళ్ళు మామూలుగా పట్టుకోగలిగేది ఏడున్నర. అంతకు మించి ఉన్నప్పుడు ఏరేటరు తిప్పితే ఆక్సిజన్ లోపలికి రాదు, ఉన్నది గాల్లోకి పోతుంది. సోడా సీసా కుదిపినట్టు. అంటే ఆరు నుంచి పదింటిదాకా కుర్రోడు కరెంటు ఖర్చుపెట్టి ఆక్సిజన్ బయట పారబోస్తున్నాడు. పదిన్నర, పదకొండుకి మొదలెట్టి ఎండ బాగా పొడిచేదాకా, ఏడున్నర ఎనిమిది దాకా ఆపకుండా తిప్పాలి. చేప తేలాక వేయడం అంటే ఇల్లు కాలాక బావి తవ్వడం.

రెండో సంగతి. 1 హెచ్‌పీ గంటకి సుమారు కిలో ఆక్సిజన్ కలుపుతుంది. మీకు 4 హెచ్‌పీ, నాలుగు కిలోలు. 30,000 ఘనపు మీటర్లలో అది గంటకి 0.13. పోయేది 0.9. చెరువు మొత్తాన్ని ఇవి నిలబెట్టలేవు. కాబట్టి రెండు మూలల్లో వద్దు. రెండింటినీ ఒకే చోట, లోతున్న వైపు, గట్టుకి నాలుగైదు గజాల దూరంలో పక్కపక్కన ఒకే దిక్కుకి తిరిగేట్టు కట్టండి. చేప ఆ ధారలోకి వచ్చి నిలబడుతుంది. రోజూ అదే చోటుంటే చేపకి అలవాటవుతుంది కూడా.

రెక్కలు మూడు నాలుగు అంగుళాలకి మించి మునగకూడదు. ఎక్కువ మునిగితే మోటారు వేడెక్కి ట్రిప్ అవుతుంది, అదీ తెల్లారుజామున మూడింటికే అవుతుంది. తేలే డబ్బాల్లో నీళ్ళు చేరాయేమో చూడండి, ఒకవైపు వాలిందంటే అదే. గేర్‌బాక్సు సీలు కారితే నీళ్ళ మీద నూనె రంగులు కనిపిస్తాయి. ఇంకోటి: వైరు జాయింట్లు నీళ్ళకి పైన కర్రకి కట్టండి, ఎర్త్ లీకేజీ బ్రేకరు లేకుండా తిప్పొద్దు, మెయిన్ దించకుండా చెరువులోకి దిగొద్దు.

రొయ్యలరాజు
పగలు మాత్రం ఒంటిగంటకి ఒక గంట తిప్పమంటాను. అప్పుడూ ఆక్సిజన్ ఎక్కువే ఉంటుంది కదా అంటారేమో. అది పై రెండడుగుల్లోనే. అడుగున తక్కువ. ఆ గంటలో పైనీళ్ళు కిందకి దిగి బురదకి అందుతుంది.

ఏరేటర్_మెకానిక్
ఎండ కాస్తేనే. మబ్బు రోజు పగలు తిప్పితే కింద కంపు పైకొస్తుంది. ఐదడుగుల్లో గాలే చాలావరకు కలిపేస్తుందని నా అభిప్రాయం, కానీ రాజుగారితో గొడవ పెట్టుకోను.

రొయ్యలరాజు
గొడవేం లేదు. గాలి ఆడని రోజుల మాటే నేను చెప్పింది.

ఖమ్మం_చెరువు
మా దిక్కు వానాకాలం నిండే చెరువుల్ల ఎకరానికి వెయ్యి పిల్ల ఏస్తరు, మేత ఏమీ పెట్టరు. గక్కడ ఈ తేలుడు ఉండది. మీరు 2,600 ఏసి బస్తాలకు బస్తాలు పోస్తున్రు, గందుకే తిప్పలు.

డీఓబీ_దాసు
నిజమే అన్నా, కానీ అక్కడ ఏడాదికి ఎకరానికి వచ్చేదెంత? ఇక్కడ కౌలు కట్టి ఆ దిగుబడితో బతకలేం. ఎకరానికి రెండు వేలు, రెండు వేల రెండొందలు దగ్గర ఆగితే మటుకు రాత్రి నిద్ర పడుతుంది.

మౌనపాఠకుడు
జయంతి శీలావతి పిల్ల వేస్తే ఈ బాధ తగ్గుతుందా? తట్టుకుంటుంది అన్నారు.

నీటిపరీక్ష
భువనేశ్వర్ సిఫా (కేంద్ర మంచినీటి చేపల పెంపకం పరిశోధనా సంస్థ) వాళ్ళు నార్వే వాళ్ళతో కలిసి 1992లో మొదలెట్టి 1997లో విడుదల చేసిన రకం అది. ఎంపిక చేసింది ఎదుగుదల కోసం, తరానికి సుమారు 17 శాతం చొప్పున పెంచారు. ఊపిరాడకపోతే అదీ తేలుతుంది. త్వరగా ఎదిగే చేప కాబట్టి బరువు అంచనా తప్పితే మేత లెక్క ఇంకా తొందరగా తప్పుతుంది.

మౌనపాఠకుడు
ఈ కిట్లు వాడటం, సీసా పట్టడం ఎక్కడ నేర్పుతారు?

తూముకాడ
కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ, అక్కడే సీఐఎఫ్‌ఈ (కేంద్ర మత్స్య విద్యా సంస్థ) కేంద్రం, విజయవాడలో సిఫా ప్రాంతీయ కేంద్రం. శిక్షణ తేదీల కోసం మీ మత్స్యశాఖ అధికారిని అడగండి. వెళ్ళేటప్పుడు మీ చెరువు బురద కిలో నీడలో ఆరబెట్టి పట్టుకెళ్ళండి, ఒకేచోటది కాదు, ఐదారు చోట్లది కలిపి. క్లాసులో వాళ్ళ నీళ్ళు చూసేకంటే మీ బురద చూపించి అడిగితే ఎక్కువ వస్తుంది.

గోదారి_గట్టు
ఈ రాత్రి సంగతి చెప్పండి ముందు. ఐదింటికి 1.1 అన్నారు. కరెంటు పోతే?

బొచ్చె_బాబాయ్
డీజిల్ ఇంజిను పెట్టుకో. ఫుట్‌వాల్వు అడుగుకి వేయకు, అరడుగు లోతుకి తేలేట్టు ప్లాస్టిక్ డబ్బాకి కట్టు. బయటికొచ్చే ధార ఎదురుగా ఒక చెక్క పలక ఏటవాలుగా కట్టి, దాని మీద కొట్టి చితికేట్టు చెయ్. ఏరేటర్ల పక్కనే పెట్టు, వేరే మూలకి వద్దు. రాత్రి రెండు గంటలకే స్టార్ట్ చెయ్. తేలిన చేపని చూసి వల దించి పక్క చెరువుకి మారుద్దామని ఎవడైనా అంటే వినకు, వల తగిలిందంటే ఉన్న ఊపిరి కూడా పోతుంది. గట్టు అంచున నత్తలు పైకి పాకుతున్నాయా, చిన్న రొయ్య ఒడ్డుకి చేరుతోందా చూసుకో. చేప కంటే అవే ముందు చెప్తాయి.

ప్రోబయోటిక్ అని బెల్లం, తవుడు, ఈస్టు కలిపి పులియబెట్టి సాయంత్రం పోసే అలవాటు ఉంటే మానెయ్. అవి కూడా ఊపిరి పీల్చేవే. పోస్తే ఎండున్న రోజు పదింటికి.

కైకలూరు_కుర్రోడు
రాత్రి చెప్పినట్టే చేశాం. రెండు ఏరేటర్లు ఒకచోటికి మార్చాం, రాత్రి రెండు గంటలకి ఇంజిను వేశాం. నాలుగున్నరకి చేప ధారలోకి వచ్చి నిలబడింది. ఆ ధారలో 2.8, అవతలి మూలలో 0.9. బొచ్చె రెండే పోయాయి. మేత ఆపాం, కర్రలు పది పీకాం. తూముకాడ అన్న చెప్పిన గసగసాల చారలు ఉన్నాయి, ఒక్కో కర్రకి జానెడు పొడవున.

తూముకాడ
జానెడు అంటే బాగానే ముదిరింది. మిగతా ఇరవై కూడా వారంలో పూర్తి చేయండి. తెల్ల పళ్ళెం ఒకటి కర్రకి కట్టి ముంచి, ఎంత లోతులో కనపడకుండా పోతోందో కొలిచి రాయండి.

కైకలూరు_కుర్రోడు
14 సెంటీమీటర్లు.

తూముకాడ
25 నుంచి 30 ఉండాలి. 20 లోపుంటే రోజూ తొమ్మిదింటి మీటరు చూడనిదే పడుకోవద్దు.

డీఓబీ_దాసు
వారం తర్వాత, చేప తేలడం ఆగాక, విసురు వలేసి తూచండి. ఇప్పుడు వద్దు. నలభై చేపకి తగ్గకుండా. మేత సంచుల దగ్గరే వేస్తే పెద్దవే పడతాయి, నాలుగు వైపులా వేయండి.

కైకలూరు_కుర్రోడు
తొమ్మిది రోజులైంది, లెక్కలు పెడుతున్నా. రెండుసార్లు అరడుగు చొప్పున పై పలక తీసి కాలువ నీళ్ళు పెట్టాం. పళ్ళెం 22 సెంటీమీటర్లు. నిన్న సాయంత్రం ఆరింటికి 9.4, తొమ్మిదికి 7.9. తెల్లారి ఐదింటికి మీటరులో 3.8. మధ్యాహ్నం పీహెచ్ 8.6. చేప తేలట్లేదు.

ఈ పొద్దున 42 చేప తూచాం. శీలావతి సగటు 640 గ్రాములు, బొచ్చె 900.

డీఓబీ_దాసు
640! పదో వంతు పోయాయనుకుంటే శీలావతి 10,350, బొచ్చె 1,350. రెండూ కలిపి 7,840 కిలోలు. రెండు శాతం 157 కిలోలు. మీరు పోసింది 380, అంటే ఐదు శాతం. 30 సంచుల్లో సంచికి ఐదు కిలోలు కట్టండి, 150 అవుతుంది. పది గంటలకి సంచి శుభ్రంగా ఖాళీ అయితే వారానికి పది కిలోలు పెంచండి. పదిహేను రోజులకోసారి తూచండి. మబ్బు రోజు సగం, వాన రోజు సున్నా. సంచి కన్నాలు కూడా చూసుకోండి, చిరిగి పెద్దవైతే చేప నోరు పెట్టకముందే జారిపోతుంది.

గోదారి_గట్టు
పూర్తిగా ఆపొద్దన్నది నేనే. ఒప్పుకుంటున్నా. పేను సంగతి ఏమైంది?

కైకలూరు_కుర్రోడు
42లో 11 చేపల మీద ఉన్నాయి, ఒక్కోదానికి రెండు మూడు. కర్రలు రెండో సెట్ కొన్నాం. మందు వేయాలా?

తూముకాడ
ఇంకో రెండు విడతలు కర్రలు మార్చి మళ్ళీ తూచినప్పుడు లెక్కపెట్టండి. తగ్గకపోతే అప్పుడు మాట్లాడుకుందాం. ఎవరో ఇచ్చిన పురుగుమందు సీసా పట్టుకుని మాత్రం దిగకండి.

కైకలూరు_కుర్రోడు
సరే అన్నా. ఆ సున్నం బస్తాలు ఏం చేయాలి? షాపాయన వెనక్కి తీసుకోనంటున్నాడు.

బొచ్చె_బాబాయ్
చెప్పాగా, టార్పాలిన్.

నీటిపరీక్ష
షెడ్డులో, నేలకి తగలకుండా చెక్కల మీద పెట్టండి. డీజిల్ డబ్బాలు, గడ్డి పక్కన వద్దు, తడి తగిలితే కాల్చిన సున్నం కాగుతుంది. పట్టుబడి అయ్యాక నీళ్ళు తోడేసి, బురద ఇంకా చెమ్మగా ఉన్నప్పుడే చల్లితే పనికొస్తుంది. మేత కర్రల కింద నల్ల బురద ఉన్నచోట ఎక్కువ, మిగతా చోట పలచగా. కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకుని, గాలికి ఎదురు నిలబడకుండా. బస్తా నోరు మాత్రం ఇప్పుడే ప్లాస్టిక్ కవరుతో కట్టేయండి, లేకపోతే అప్పటికి చెమ్మ పీల్చి పొడై బలం తగ్గుతుంది.

ఏరేటర్_మెకానిక్
టార్పాలిన్ అద్దెకిస్తా, బాబాయ్ హామీ ఉంటే.